అసెట్టో కోర్సా ఎలా ఆడాలి? ముందు బ్రేకు, తర్వాతే స్పీడు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా ఈ’ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరిగెడుతుంటే చూసి, స్టీరింగు పట్టాలని చెయ్యి దురద పెట్టినవాళ్ల కోసం ఇది. 18 మలుపుల ఆ ట్రాక్ అసెట్టో కోర్సా అనే ఈ కార్ల రేసు గేమ్‌తో పాటు రాదు. ఇటలీలోని మోంజా రేసు ట్రాక్ వస్తుంది. దాన్ని లేజర్‌తో కొలిచి, రోడ్డు మీది ఎత్తుపల్లాలతో సహా దించారు.

కునోస్ సిములాజియోని అనే ఇటలీ కంపెనీ 2014 డిసెంబరులో తెచ్చిన పీసీ గేమ్ ఇది. పాతదే కాబట్టి ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు చాలు. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో సేల్ దాకా ఆగితే చవగ్గా వస్తుంది.

చేతికి, కాలికి ఏం కావాలి?

కీబోర్డుతో వద్దు. కీ నొక్కితే ఉంది, వదిలితే లేదు. సగం బ్రేకు వేయడం కుదరదు. గేమ్‌ప్యాడ్‌తో మొదలుపెట్టొచ్చు. ఆట నచ్చాక లాజిటెక్ జీ29 లాంటి వీల్, పెడల్స్ కొనండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగి చూడండి, సెకండ్ హ్యాండ్ దొరికినా తీసుకోవచ్చు, కానీ పెడల్స్ తొక్కి చూడకుండా డబ్బులివ్వకండి.

వీల్ బిగించాక అసలు తలనొప్పి కుర్చీతో వస్తుంది. జీ29 బ్రేకు పెడల్ గట్టిగా ఉంటుంది. రోలింగ్ చైర్‌లో కూర్చుని తొక్కితే కారు ఆగదు సరికదా, మీరే వెనక్కి జారిపోతారు. కుర్చీ చక్రాల కింద పాత బూట్లు పెట్టండి, పెడల్స్‌ను గోడకు ఆనించండి. నవ్వొస్తుంది గానీ పని జరుగుతుంది. ఈ వీల్ లోపల పళ్ల చక్రాలు తిరుగుతాయి కాబట్టి చప్పుడు ఎక్కువే. అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి ఆడితే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు.

ఏ కారు, ఏ సెట్టింగులు?

ఫెరారీ జోలికి పోకండి. అబార్త్ 500 తీసుకోండి. చిన్న కారు, ముందు చక్రాలతో నడుస్తుంది, తప్పు చేస్తే కాస్త ఓర్చుకుంటుంది. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు ఊరికే తిరిగిపోకుండా చూసేది) ‘ఫ్యాక్టరీ’లో పెట్టండి, నిజం కారులో ఏముంటే అదే ఉంటుంది. కారు పక్కకి జారకుండా గేమే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ సున్నాకి తెచ్చేయండి. ఆటోమేటిక్ గేర్లు ఉన్నా ఫర్వాలేదు. దారి చూపించే రంగుల గీతను మాత్రం ట్రాక్ గుర్తుపెట్టుకోగానే తీసేయండి, లేకపోతే కళ్లు గీత మీదే ఉంటాయి, రోడ్డు మీద ఉండవు.

ఒక్క మలుపు నేర్చుకోండి

ప్రాక్టీస్‌లో మోంజా తెరవండి. నేరు రోడ్డు చివర మొదటి మలుపు వస్తుంది: ముందు కుడికి, వెంటనే ఎడమకి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నడిపినవాళ్లకి కూడా ఇక్కడ ఎల్ బోర్డే.

ట్రాక్ ఎడమ అంచున రండి. 200 మీటర్ల బోర్డు దగ్గరే బ్రేకు మీద గట్టిగా కాలు వేయండి. కారు నెమ్మదించే కొద్దీ కాలు మెల్లగా తేల్చండి. రోడ్డు మీద మనం చేసేది దీనికి తలకిందులు: మెల్లగా మొదలుపెట్టి, ముందు బండి దగ్గరికొచ్చాక గట్టిగా తొక్కుతాం.

కారణం టైర్లలో ఉంది. బ్రేకు వేస్తే బరువు ముందుకి వస్తుంది, ముందు టైర్లకి పట్టు పెరుగుతుంది. కానీ ఆగడానికీ తిరగడానికీ కలిపి ఉన్నది ఆ పట్టే. బ్రేకు పూర్తిగా తొక్కిపెట్టి స్టీరింగు తిప్పితే కారు తిరగదు, నేరుగా పోతుంది. టక్కున వదిలేసినా ముందు భాగం తేలికై మలుపు అందదు. అందుకే స్టీరింగు ఎంత తిప్పుతుంటే బ్రేకు అంత వదలాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అనేది ఇదే.

కుడి మలుపులో కాస్త టైమ్ పోయినా పోనివ్వండి. ఎడమ మలుపులోంచి కారు సూటిగా బయటపడాలి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే కర్వా గ్రాండే అనే పెద్ద మలుపులో ఈ కారుకి యాక్సిలరేటర్ వదలక్కర్లేదు. ఎడమ మలుపులో తొందరపడి యాక్సిలరేటర్ ముందే తొక్కితే కారు బయటి గడ్డిలోకి పోతుంది. ఇదంతా కుదిరాక బ్రేకు వేసే చోటును కొంచెం కొంచెం మలుపు దగ్గరికి జరపండి.

ఇక రేసు

కంప్యూటర్ డ్రైవర్ల బలం బాగా తగ్గించి మొదలుపెట్టండి. మొదటి ల్యాప్‌లో టైర్లు చల్లగా ఉంటాయి, ప్రాక్టీస్‌లో ఆగిన చోట ఆగవు. బ్రేకు ముందే వేయండి. సందు కనపడగానే దూరే అలవాటు ఇక్కడ కూడా వస్తుంది, మొదటి మలుపులో మాత్రం దాన్ని కట్టిపెట్టండి.

అబార్త్‌తో గోడకి తగలకుండా రేసు ముగించగలిగాక బీఎండబ్ల్యూ ఎం3 ఈ30కి మారండి. అది వెనక చక్రాలతో నడిచే బండి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఎక్కువైతే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.