డ్రమ్ ప్యాడ్ మీద మొదటి దెబ్బ వేసే ముందు

పీజో డిస్కు (దెబ్బను పసిగట్టే పలచని బిళ్ల), ఆర్డునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, రెండు తీగలు. ఇంత తక్కువ సామానుతో ఇంట్లోనే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ చేసుకోవచ్చని తెలియగానే, కొత్తవాళ్లు డిస్కును నేరుగా బోర్డు అనలాగ్ పిన్నుకు (వోల్టేజీని కొలిచే పిన్నుకు) కలిపి కర్రతో కొట్టేస్తారు. దయచేసి అలా చెయ్యకండి.

పీజోకు మనం కరెంటు ఇవ్వం కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. దెబ్బ పడితే కరెంటు పుట్టించేది అదే. గట్టిగా కొడితే పదుల వోల్టులు రావచ్చు, పైగా ప్లస్‌కూ మైనస్‌కూ ఊగుతుంది. 5 వోల్టుల మీద నడిచే ఊనో చిప్పు పిన్ను అయిదున్నర దాటినా, సున్నాకు అర వోల్టు కంటే కిందికి దిగినా దెబ్బతినే ప్రమాదం ఉంది. మల్టీమీటర్‌లో చిన్న అంకె చూసి ధైర్యపడకండి. ఆ వోల్టేజీ మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది, మీటరుకు అందదు.

అందుకే ముందు రక్షణ, తర్వాతే వాయింపు. డిస్కు రెండు తీగల మధ్య 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టండి. అది లేకపోతే ఛార్జి పోయే దారిలేక, కొట్టకపోయినా ప్యాడ్ మోగుతుంటుంది. డిస్కు నుంచి పిన్నుకు వెళ్లే దారిలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 5.1 వోల్టుల జీనర్ డయోడ్ (వోల్టేజీని ఆ హద్దు దాటనివ్వనిది) ఉండాలి. డయోడ్ మీద గీత ఉన్న కొస పిన్ను వైపు రావాలి. తిరగేసి పెడితే ఎంత బలంగా కొట్టినా సుమారు 0.7 వోల్టు దగ్గరే ఆగిపోతుంది. తప్పు డిస్కుదే అనుకుని డిస్కులు మారుస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఊనో బదులు ఈఎస్‌పీ32 అనే బోర్డు వాడితే, అది 3.3 వోల్టులది, దానికి ఈ జీనర్ కాపలా కాయలేదు. షాట్కీ రకం డయోడ్లు రెండు తీసుకుని పిన్ను నుంచి ఒకటి 3.3 వోల్టుల లైనుకు, ఒకటి గ్రౌండుకు కలపడం మేలు.

టంకం వేసేటప్పుడు యూఎస్‌బీ తీగ పీకేసి ఉంచండి. డిస్కు మధ్యలో ఉన్నది పలచని సిరామిక్. కాలిన ఐరన్ రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే పైపూత లేచిపోతుంది. తీగలు ముందే అతికించిన డిస్కులు దొరుకుతాయి, మొదటిసారి చేసేవాళ్లు అవే కొనుక్కోవాలని నా గట్టి సలహా. టంకం వేస్తుంటే దానిలోని ఫ్లక్స్ పొగ వస్తుంది కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకోండి, చాలా రకాల టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక చెవులు. బోర్డులో ఎక్కించే కోడ్‌లో చిన్న పొరపాటున్నా ఒక్కసారిగా ఫుల్ సౌండ్ రావచ్చు. మొదటి పరీక్ష చిన్న స్పీకరులో, వాల్యూమ్ బాగా తగ్గించి చెయ్యండి. ప్యాడ్ కుదురుగా పలుకుతోందని తేలేదాకా పిల్లలకు హెడ్‌ఫోన్లు ఇవ్వకండి.