కారు బ్యాటరీ నిజంగా పోయిందా? ఇంట్లోనే చూసుకుని ఛార్జ్ చేయడం ఎలా?

సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చి తాళం తిప్పితే, కారు ‘టక్’మని ఊరుకుంది. డిక్కీ సరిగా పడక లోపలి బల్బు అలాగే వెలుగుతూ ఉంది. మెకానిక్ చూసి బ్యాటరీ పోయింది, కొత్తది వేయించమన్నాడు. మనసొప్పక రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను. అదే బ్యాటరీ ఇంకో ఏడాదిన్నర పనిచేసింది. ఛార్జింగ్ దిగిపోవడం వేరు, బ్యాటరీ పోవడం వేరు. ఆ తేడా తెలియక వేలకు వేలు పోసేవాళ్లను చూస్తే బాధనిపిస్తుంది. వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. ఇక్కడ చెప్పేది పెట్రోలు, డీజిల్ కార్లలోని 12 వోల్టుల సీసం బ్యాటరీ గురించే.

ముందు కొలవండి. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు చూడాలి. నడిపి ఆపిన వెంటనే కొలిస్తే లేని బలం చూపిస్తుంది. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించండి. 12.6 ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కంటే దిగితే ఆ రోజే ఛార్జ్ చేయాలి. అలా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి, తర్వాత ఎంత పెట్టినా ఛార్జింగ్ ఎక్కదు.

బ్యాటరీ మీద వైర్లు బిగించే టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. ఒక్కోసారి తప్పంతా అక్కడే ఉంటుంది. క్లాంపులు విప్పాక వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే బుసబుసా పొంగి వదిలిపోతుంది. ఆరాక, మళ్లీ బిగించాక కాస్త వ్యాజిలిన్ రాయండి.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఇది తప్పితే పానా కారు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

ఇక ఛార్జింగ్. గాలి ఆడే చోటే పెట్టాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. మూతలున్న బ్యాటరీ అయితే పలకలు నీళ్లలో మునిగి ఉన్నాయో లేదో చూడండి. తేలి ఉంటే మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు వద్దు, యాసిడ్ అసలే వద్దు. డబ్బా మీది గుర్తు దాకా నింపడం ఛార్జింగ్ అయ్యాకే, ఎందుకంటే ఈలోగా మట్టం పెరుగుతుంది. క్లిప్పులు పెట్టాకే స్విచ్ వేయండి, తీసేముందు స్విచ్ ఆపండి. ఆంపియర్లు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు చాలు: 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, సామర్థ్యం కొలత) బ్యాటరీకి 3.5. బాగా దిగిపోయినదానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. తొందరపడి ఆంపియర్లు పెంచకండి. మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, డబ్బా కాలుతుంటే వెంటనే ఆపేయండి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఛార్జర్ తీసి ఒక రాత్రి వదిలేసి కొలవండి. 12.6 దగ్గర నిలిచి ఉంటే సగం టెన్షన్ పోయినట్టే. 10.5 దగ్గరికి పడిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోయిందని అర్థం, ఇక కొత్తది కొనాల్సిందే. నిలిచినదాన్ని బండికి బిగించి, ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. అంకె 9.6 కంటే కిందికి జారితే దానికి బలం తగ్గింది, ఎప్పుడైనా దారిలో ఆపేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 రావాలి. 12 పైచిలుకు దగ్గరే ఆగితే, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును చూపించండి. అవి బాగవకుండా కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులకే దిగిపోతుంది.