పల్లెలో ఉన్నా, పట్నంలో ఉన్నా గుండె జబ్బు, మధుమేహాల ముప్పును అంచనా వేసుకోవడం ఎలా?

పొలం పని చేసుకునేవారికి గుండె జబ్బు రాదన్న నమ్మకం మనలో ఇంకా బలంగానే ఉంది. అయితే ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో సంభవించిన మరణాల కారణాలను పరిశీలించినప్పుడు, వాటిలో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్కల ప్రకారం మధుమేహం పట్టణాల్లో 16.4 శాతం మందికి, గ్రామాల్లో 8.9 శాతం మందికి ఉంది. కానీ మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు రెండు చోట్లా సుమారు 15 శాతమే. కాబట్టి ఏ ఊళ్లో ఉంటున్నామన్నదాని కంటే రోజు ఎలా గడుస్తోందన్నదే చూసుకోవాలి.

1. ఒంటి శ్రమను నిజాయితీగా లెక్కవేయండి.
కోత యంత్రం, కలుపు మందు, గట్టు దాకా వెళ్లే మోటార్ సైకిల్ వచ్చాక సేద్యంలో నడుం వంచే రోజులు బాగా తగ్గాయి. రోజూ బస్టాండు దాకా నడిచి వెళ్లే నగర ఉద్యోగి, వేసవిలో అరుగు దిగని రైతు కంటే ఎక్కువ నడుస్తూ ఉండవచ్చు. అందరికంటే జాగ్రత్త పడవలసినవారు, నా ఉద్దేశంలో, ఊరు వదిలి నగరానికి వచ్చి వాచ్‌మన్‌గానో డ్రైవర్‌గానో కుదిరినవారు. వారికి పని కూర్చుని చేసేదిగా మారింది గాని, నాట్ల రోజుల్లో తిన్నంత అన్నం కంచంలో అలాగే ఉండిపోయింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం అవసరం.

2. కంచాన్ని, ఉప్పును పరిశీలించండి.
ముందుగా అన్నం తగ్గించి, ఆ మేరకు పప్పు, కూర పెంచండి. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించకూడదు. కూరలో వేసిన ఉప్పును మాత్రమే లెక్కపెట్టి ఆవకాయ, అప్పడం, ఉప్పు చేప, మజ్జిగలో వేసుకున్న చిటికెడును మరచిపోతాం. నగరంలోనైతే బయటి తిండి, టీతో పాటు బిస్కెట్లు, పదేపదే కాగిన నూనెలో వేసిన బజ్జీలు ఆ లెక్కలో చేరతాయి.

3. నడుము కొలవండి.
దర్జీ టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలత చూడండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, చేతులూ కాళ్లూ సన్నగానే కనిపించినా, ముప్పు ఉన్నట్టే.

4. రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి.
30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఎక్కడ, ఎప్పుడు చేస్తారో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు. రక్తపోటు చూపించుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, పొగ మానండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేయిని గుండె ఎత్తున ఉంచి, రెండుసార్లు చూపించుకోండి. వేర్వేరు రోజుల్లోనూ 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యుణ్ని కలవండి. పరగడుపు చక్కెర 100 నుంచి 125 వరకు ఉంటే అది ముందు దశ. 126, ఆపైన ఉంటే మరోసారి పరీక్షించి మధుమేహాన్ని నిర్ధారిస్తారు. బీపీ అదుపులోకి వచ్చిందని మాత్రలు సొంతంగా మానేయడం రెండు చోట్లా కనిపించే పొరపాటే.

5. పొగను వదిలించుకోండి.
బీడీ, సిగరెట్, చుట్టతో పాటు ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో పెద్ద వయసు స్త్రీలు కాల్చే అడ్డపొగనూ (చుట్ట మండే కొనను నోట్లో ఉంచి కాల్చడం) మానాలి. కట్టెల పొయ్యి పొగ కూడా గుండెకు చేటే.

6. ఆసుపత్రి ఎంత దూరమో ముందే తెలుసుకోండి.
నగరవాసికి ఉన్న అసలు మేలు ఇదే. పల్లెలో ఉన్నవారు రాత్రివేళ కూడా ఈసీజీ తీసి గుండెపోటుకు చికిత్స మొదలుపెట్టగల దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడికి ఎంతసేపు పడుతుందో కనుక్కుని, దాని ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోగి తానే బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.