మన సరుకు విదేశీ పోర్టులో ఆగింది, పైసలిస్తే కదులుతుందంటున్నారు: ఇప్పుడేం చేయాలి?

మిర్చి కంటైనర్ విదేశీ పోర్టులో దిగిన మూడో రోజు, శుక్రవారం సాయంత్రం, అక్కడి ఏజెంటు ఒక బిల్లు ఫొటో పంపాడు. అందులో మూడే లైన్లు. క్లియరెన్స్ 420 డాలర్లు, హ్యాండ్లింగ్ 180, పోర్ట్ కోఆర్డినేషన్ 800. మొదటి రెండింటికీ రసీదులు ఉన్నాయి, మూడోదానికి ఏమీ లేదు. రసీదు పంపమంటే హిందీలో వాయిస్ మెసేజ్ వచ్చింది: దీనికి రసీదు ఉండదు సర్, మీకు తెలియంది కాదు కదా, సోమవారంలోపు పంపకపోతే తనిఖీ మళ్ళీ మొదటి నుంచి పెడతారట.

వరంగల్‌లో పదకొండేళ్ళుగా ఎగుమతుల కాగితాలు చూసే పని నాది. లంచం అన్న మాట నేను ఇంతవరకు ఏ బిల్లులోనూ చూడలేదు. అది కోఆర్డినేషన్ అనో, ఫెసిలిటేషన్ అనో, ఇతర ఖర్చులు అనో వస్తుంది. ఇక్కడ మిర్చి పంపేవాళ్ళు, కొత్తవాడ దర్రీలు పంపేవాళ్ళు, కరీంనగర్ గ్రానైట్, నిజామాబాద్ పసుపు వ్యాపారులు చాలామంది విదేశీ లంచాల చట్టాలంటే అవి పెద్ద కంపెనీల గొడవలు, మనకెందుకులే అనుకుంటారు. కానీ ఆ 800 డాలర్లు అడిగింది చిన్న వ్యాపారినే. అందుకే ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: మీ మీద ఏ చట్టాలు పడతాయో చూసుకోండి

ముందుగా సరుకు దిగే దేశపు చట్టం. తన అధికారికి లంచం ఇస్తే నేరం కాదనే దేశం దాదాపు లేదు. "అక్కడ అందరూ ఇస్తారు" అనేది మార్కెట్లో మాటే, అక్కడి కోర్టులో పనికిరాదు.

తర్వాత కొనుగోలుదారు దేశపు చట్టం. 1970ల్లో అమెరికాలో విచారణ జరిపితే 400కు పైగా కంపెనీలు అనుమానాస్పద చెల్లింపులు చేశామని ఒప్పుకున్నాయి, వాటి విలువ 30 కోట్ల డాలర్లు దాటింది. విమానాలు అమ్మే లాక్‌హీడ్ కంపెనీ సొమ్ము వ్యవహారంలో జపాన్ మాజీ ప్రధాని కకుయే తనాకా 1976లో అరెస్టయ్యారు. ఆ మరుసటి ఏడాది, 1977లో, అమెరికా ఫారిన్ కరప్ట్ ప్రాక్టీసెస్ యాక్ట్ తెచ్చింది, దాన్నే ఎఫ్‌సీపీఏ అంటారు. విదేశీ అధికారికి లంచం ఇవ్వడం ఒక నేరమైతే, అక్కడి స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు దాన్ని లెక్కల్లో వేరే పేరుతో రాసుకోవడం ఇంకో తప్పు. అమెరికా కంపెనీ తరఫున మీరు ఏ పని చేసినా ఇది మీ దాకా రావచ్చు. డాలర్లు అమెరికా బ్యాంకు గుండా వెళ్ళాయి కాబట్టి మాకు అధికార పరిధి ఉందని అక్కడి న్యాయశాఖ వాదించిన కేసులు కూడా ఉన్నాయి.

2025 ఫిబ్రవరిలో ఈ చట్టం అమలును ట్రంప్ కొంతకాలం ఆపించారు కదా అని ఈ మధ్య ఒకాయన నన్ను అడిగాడు. ఆపిన మాట నిజమే, జూన్‌లో కొత్త మార్గదర్శకాలు కూడా వచ్చాయి, కానీ చట్టం రద్దు కాలేదు. ఈ రోజు చేసిన పనికి నాలుగేళ్ళ తర్వాత కూడా కేసు పెట్టొచ్చు.

బ్రిటన్ చట్టం ఇంకా గట్టిది. 2010లో చేశారు, 2011 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ అధికారికే కాదు, ప్రైవేటు కంపెనీ పర్చేజ్ మేనేజరుకు ఇచ్చినా నేరమే, పదేళ్ళ దాకా జైలు. తన తరఫున పనిచేసేవాడు ఇచ్చిన లంచాన్ని ఆపలేకపోయినందుకు కంపెనీని కూడా పట్టుకుంటారు, ఆపడానికి తగిన ఏర్పాట్లు చేశామని చూపిస్తేనే బయటపడుతుంది. లండన్ బయ్యర్ పంపే కాంట్రాక్టులో రెండు పేజీల లంచ నిరోధక షరతులు ఉండేది అందుకే. చాలామంది ఆ రెండు పేజీలు చదవకుండానే సంతకం పెట్టేస్తారు, దయచేసి ఆ పని చేయకండి.

ఇక మన చట్టం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. లంచం ఇచ్చినవాడికీ ఏడేళ్ళ వరకు శిక్ష పడొచ్చు, సంస్థ మీద జరిమానా వేయొచ్చు, ఒప్పుకున్న డైరెక్టర్‌కు మూడు నుంచి ఏడేళ్ళు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్ళకు రక్షణ ఉంది. ఇదంతా మన అధికారులకు ఇచ్చే లంచం గురించి. విదేశీ అధికారికి ఇచ్చే లంచం మీద ప్రత్యేక బిల్లు 2011లో లోక్‌సభకు వచ్చి, 2014లో సభతో పాటే మురిగిపోయింది. అదే 2011లో ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని మనం ఆమోదించాం, విదేశీ అధికారికి లంచం ఇవ్వడాన్ని నేరం చేయాలని అందులో ఉంది. ఇన్నేళ్ళయినా ఆ చట్టం రాకపోవడం నాకైతే బాధగానే ఉంటుంది.

అలాగని ఇక్కడ ఏమీ కాదనుకోకండి. 2022 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులో ఒక వివరణ చేర్చింది, విదేశీ చట్టం ప్రకారం నేరమైన ఖర్చును కూడా వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదు. ఆ 800 డాలర్లను ఏదో ఖర్చు కింద రాస్తే పన్ను శాఖ దగ్గర కూడా దొరికినట్టే.

రెండో పని: అడిగేవాడు ఎవరో తేల్చుకోండి

పోర్టు ఇన్‌స్పెక్టర్, కస్టమ్స్ ఆఫీసర్ సంగతి అందరికీ తెలుసు. ప్రభుత్వ ధాన్య సంస్థలో కొనుగోలు క్లర్కు, ప్రభుత్వ నిర్మాణ కంపెనీలో గ్రానైట్ పాస్ చేసే ఇంజనీరు కూడా అమెరికా చట్టం దృష్టిలో విదేశీ అధికారులే కావచ్చు. జీతం ఇచ్చే సంస్థ ఎవరిదో అడిగి తెలుసుకోండి.

మూడో పని: ఏజెంటు దగ్గర తక్‌పట్టీ అడగండి

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే లంచం మన చేతి మీదుగా వెళ్ళేది తక్కువ, ఏజెంటు చేతి మీదుగా వెళ్ళేదే ఎక్కువ. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన రైతుకు అడ్తి దుకాణంలో, అంటే కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే చోట, తక్‌పట్టీ అనే లెక్క చీటీ ఇస్తారు. బస్తాలెన్ని, తూకం ఎంత, రేటెంత, హమాలీకి ఎంత, కమీషన్ ఎంత అన్నీ అందులో విడివిడిగా ఉంటాయి. చదువు రాని రైతు కూడా పక్కవాడితో చదివించుకుని, ఈ పైసలు ఎందుకు కోశారు అని అడుగుతాడు. అదే మనం, లక్షల సరుకు పంపి, విదేశంలో ముఖం చూడని మనిషి "సపోర్ట్ చార్జీలు" అని రాస్తే మారు మాట్లాడకుండా కట్టేస్తున్నాం.

క్యాడ్‌బరీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. హిమాచల్‌ప్రదేశ్‌లోని బద్దీ ఫ్యాక్టరీకి లైసెన్సుల కోసం క్యాడ్‌బరీ ఇండియా ఒక ఏజెంటును పెట్టుకుని సుమారు 90 వేల డాలర్లు ఇచ్చింది. దరఖాస్తులు తయారు చేసినందుకని ఏజెంటు బిల్లులు పెట్టాడు, నిజానికి వాటిని రాసుకున్నది కంపెనీ ఉద్యోగులే. క్యాడ్‌బరీని కొన్న మాండెలీజ్ అమెరికా కంపెనీ కాబట్టి ఆ బిల్లులు అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ బల్ల మీదికి వెళ్ళాయి. 2017లో కోటి 30 లక్షల డాలర్ల జరిమానాతో సెటిల్ చేసుకున్నారు. ఆరోపణల్లో ప్రధానమైనది ఆ ఏజెంటు ఎవరో, ఏం పని చేశాడో సరిగా విచారించలేదనీ, లెక్కలు ఉన్నది ఉన్నట్టు రాయలేదనీ.

కాబట్టి ఏజెంటును పెట్టుకునే ముందే అడగాల్సినవి అడిగేయండి. ఆఫీసు ఎక్కడుంది, రిజిస్ట్రేషన్ కాగితం ఏది, ఇంతకు ముందు ఎవరి సరుకు దింపాడు, ఆ వ్యాపారి ఫోన్ నంబరు ఇస్తాడా. కొన్ని చోట్ల వెంటనే ఆగిపోవాలి. ఒక దేశంలో పనిచేస్తూ ఇంకో దేశంలోని ఖాతాకు కమీషన్ వేయమన్నా, మిగతావాళ్ళు రెండు శాతానికి చేసే పనికి ఇతను ఏడు శాతం అడిగినా, ఇన్వాయిస్ రెండు రకాలుగా చేద్దామన్నా ఆగండి. అన్నింటికంటే పెద్ద సంకేతం, ఆ ఏజెంటును పెట్టుకోమని చెప్పింది అక్కడి అధికారే కావడం.

ఒప్పుకున్న కమీషన్‌ను షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి మన కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) చూపించండి, డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. ఒప్పందంలో మూడు వాక్యాలు చాలు: రసీదు లేని ఏ చెల్లింపూ మా తరఫున చేయకూడదు, మా రాతపూర్వక అనుమతి లేకుండా ఏ అధికారికీ డబ్బు గానీ బహుమతి గానీ ఇవ్వకూడదు, ఇస్తే ఒప్పందం ఆ రోజుతో రద్దు.

నాలుగో పని: అడిగిన గంటలో ఏం చేయాలి

అడుగుతారనే అనుకోండి. కంటైనర్ ఆగితే రోజుకింత డెమరేజ్ (సరుకు పోర్టులో ఆగినందుకు కట్టే చార్జీ) పెరుగుతుంటే వచ్చే టెన్షన్ నాకు తెలుసు, ఆ టెన్షన్‌లోనే మనిషి తప్పు చేస్తాడు. అందుకే జవాబు ముందే రాసి పెట్టుకోండి. నేను పంపేది ఇంతే: "ఇది ఏ నిబంధన కింద ఫీజో, ఏ కౌంటర్‌లో కట్టాలో, రసీదు ఎవరిస్తారో రాతలో పంపండి. రసీదు ఉంటే ఈ రోజే కడతాం, లేకపోతే కట్టలేం." కోపం వద్దు, నీతులు చెప్పొద్దు. ఈ రెండు ముక్కలకే కొందరు వెనక్కి తగ్గుతారు.

తగ్గకపోతే అదే గంటలో బయ్యర్‌కు ఫోన్ చేయండి, సరుకు అతనికీ కావాలి, ఆ ఊళ్ళో అతనికి మనకంటే ఎక్కువ దారులు తెలుసు. తర్వాత ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం వాణిజ్య విభాగానికి మెయిల్ పెట్టండి. మిర్చి, పసుపు అయితే స్పైసెస్ బోర్డుకు, మిగతావాటికి ఎగుమతిదారుల సమాఖ్యకు కాపీ పెట్టండి. మెయిల్‌లో కంటైనర్ నంబరు, తేదీ, ఎవరు ఏమన్నారు అన్నవే రాయండి, అనుమానాలు వద్దు.

చిన్న మొత్తమే కదా, పని కాస్త త్వరగా అవడానికి కదా అంటారు. అలాంటి రోజువారీ పనుల చెల్లింపులకు అమెరికా చట్టంలో ఇరుకైన మినహాయింపు ఉంది, బ్రిటన్ చట్టంలో లేదు, మన చట్టంలోనూ లేదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే మాత్రం వేరే సంగతి, డ్రైవర్‌నో మనిషినో ఆపి బెదిరిస్తుంటే ఇచ్చి బయటపడండి. బయటపడ్డ వెంటనే జరిగింది జరిగినట్టు రాసి వకీలుకు పంపండి.

ఆ శుక్రవారం మేం కట్టలేదు. మా సేటుకు కోపం వచ్చింది. "ఏం తమ్మీ, ఎనిమిది వందల కోసం కంటైనర్ మొత్తం ఆపుతావా?" అన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు ఇలాగే అడిగితే కట్టి, పుస్తకంలో ప్యాకింగ్ ఖర్చు అని రాశాం, రాసింది నేనే. మరుసటి సీజన్‌లో అదే మనిషి ఓడ బయల్దేరకముందే రెండింతలు అడిగాడు. ఆ మాట సేటుకు గుర్తు చేశాను, ఆయన కాసేపు మాట్లాడలేదు. చివరికి బయ్యర్ మనుషులే పోర్టు ఆఫీసుకు వెళ్ళి కూర్చుంటే ఆరో రోజు కంటైనర్ వదిలారు. డెమరేజ్ 800 డాలర్ల కంటే ఎక్కువే అయింది, ఈ సంగతి దాచను. కానీ దానికి రసీదు ఉంది. ఆ తర్వాత మూడు సీజన్లు ఆ పోర్టులో మమ్మల్ని ఎవరూ కోఆర్డినేషన్ చార్జీలు అడగలేదు. రసీదు లేని ఖర్చు ఎక్కడికీ పోదు, అది వచ్చే వారం పర్కాల నుంచో నర్సంపేట నుంచో బస్తాలు తెచ్చిన రైతు రేటులోనే కోతగా తేలుతుంది. ఇన్నేళ్ళుగా ఆ లెక్కలు రాస్తున్నవాడిగా నాకు ఇదే ఎక్కువ బాధ.

ఐదో పని: ఇప్పటికే ఇచ్చేసి ఉంటే

పుస్తకంలో పేరు మార్చి రాయకండి, రాసి ఉంటే దాన్ని చించేయకండి, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. కప్పిపుచ్చబోయి చేసే పనులే కేసును పెద్దది చేస్తాయి. సీఏతో పాటు ఇలాంటి కేసులు చూసిన వకీలును కలిసి, కొనుగోలుదారుతో ఒప్పందంలో తెలియజేయాలన్న షరతు ఉందో లేదో చూసుకోండి. డబ్బు అడిగింది మన దేశపు అధికారే అయితే ఏడు రోజుల గడువు గుర్తుంచుకోండి. రాష్ట్ర అధికారి అయితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064, మన పోర్టులో కస్టమ్స్ లాంటి కేంద్ర అధికారి అయితే సీబీఐ.

ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళి అక్కడి కంపెనీల్లో స్టోర్ కీపర్‌గా, పర్చేజ్ అసిస్టెంటుగా, ఆఫీసులకు కాగితాలు తిప్పే పనిలో చేరే తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. యూఏఈలో ప్రైవేటు కంపెనీలో తీసుకున్న లంచం కూడా నేరమే. "ఈ కవర్ ఆ ఆఫీసర్‌కు ఇచ్చి రా" అని మేనేజర్ అంటే, అందులో ఏముందో, రసీదు తేవాలా అని మెసేజ్‌లో అడగండి. నోటితో అడిగితే రేపు ఆ మాట అన్నట్టే ఉండదు, కవర్ మోసింది మాత్రం మీరే అవుతారు.

చివరి పని: ఫైల్

ప్రతి కంటైనర్‌కు ఒక ఫైల్ పెట్టండి. పైన ఓడ పేరు, కంటైనర్ నంబరు, షిప్పింగ్ బిల్లు నంబరు రాయండి. లోపల ఏజెంటు ఒప్పందం, అతని ప్రతి బిల్లు, ప్రతి బిల్లు వెనకాల దాని రసీదు. రసీదు లేని బిల్లు వస్తే దాని మీద "కట్టలేదు" అని తేదీతో రాసి, సంతకం పెట్టి, అదే ఫైల్‌లో గుచ్చండి. ఆ 800 డాలర్ల బిల్లు ఇప్పటికీ మా ఆఫీసు బీరువాలో అలాగే ఉంది.