పొద్దున పెట్టిన సైకిల్ రాత్రికి దొరకాలంటే

రోహిణి కార్తె ఎండకు సైకిల్ సీటు పెనంలా కాలుతోందని విసుక్కునే రోజులు అయిపోవచ్చాయి. ఇక మృగశిర వస్తుంది. పాలమూరులోనైనా నల్లగొండలోనైనా బస్టాండు దగ్గరో రైల్వే స్టేషన్ దగ్గరో సైకిల్ పెట్టి ఊరు దాటి పనికి వెళ్లేవాళ్లకు అసలు పరీక్ష ఇప్పుడే. పొద్దున ఆరున్నరకు పొడినేల మీద పెట్టిన సైకిల్‌ను రాత్రి ఎనిమిదిన్నరకు, కరెంటు పోయిన చీకట్లో, చీలమండలు మునిగే బురదనీళ్లలో వెతుక్కోవాలి. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైల్లో తిరిగిన ఆరేళ్లలో నేను ఒక సైకిల్ పోగొట్టుకున్నాను, రెండు తాళాలు పగలగొట్టించుకున్నాను, ఒకసారి కరెంటుకు చిక్కబోయి తప్పించుకున్నాను. అప్పటి నుంచి ఒక అలవాటు పట్టింది. సైకిల్ దిగగానే, రాత్రి తడిసి అలసి తిరిగొచ్చే నన్ను నేను ఊహించుకుంటాను. ఆ మనిషికి ఇక్కడ తాళం కనిపిస్తుందా, చెయ్యి పెట్టగలడా, స్టాండు తెరిచి ఉంటుందా అని చూసుకున్నాకే కదులుతాను.

కరెంటు సంగతి ముందు చెబుతాను. సైకిల్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

బస్టాండు బయట గొలుసు చుట్టడానికి వీలుగా కనిపించేది కరెంటు స్తంభమే. ఇనుప స్తంభమైతే మరీ వీలు. వాన పడినప్పుడు, పైన ఎక్కడో తీగ తొడుగు చిట్లితేనో పింగాణీ ఇన్సులేటర్ పగిలితేనో స్తంభానికి కరెంటు పాకుతుంది. అక్కడి నుంచి గొలుసుకు, గొలుసు నుంచి ఫ్రేముకు వస్తుంది. మనం నీళ్లలో నిలబడి తడి చేత్తో తాళం పట్టుకుంటాం. నా విషయంలో అక్కడి టీ కొట్టు మనిషి, "అన్నా, ఆ స్తంభం జోలికి పోకు, మధ్యాహ్నం నుంచి జివ్వుమంటోంది" అని కేకవేయకపోతే ఏమయ్యేదో. ఆ రాత్రి సైకిల్ అక్కడే వదిలి ఇంటికి నడిచి వెళ్లాను.

కాబట్టి కరెంటు స్తంభానికి, దాన్ని నేలకు లాగి కట్టిన స్టే వైరుకు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న కంచెకు, వీధిదీపం స్తంభానికి సైకిల్ కట్టవద్దు. లైట్లు బిగించిన ఫ్లెక్సీ ఫ్రేములు, బోర్డుల ఇనుప కాళ్లు కూడా అదే లెక్క. ముట్టుకుంటే జివ్వుమన్నా, పక్కవాళ్లు అలా చెప్పినా మరోసారి పరీక్షించి చూడకండి. దూరం జరిగి 1912కు ఫోన్ చేసి స్తంభం ఎక్కడుందో చెప్పండి. ఎవరైనా అంటుకుపోతే చేత్తో లాగకూడదు. ముందు కరెంటు ఆపించాలి.

చెట్టు నీడ కూడా ఈ కాలంలో నమ్మదగింది కాదు. తొలకరికి ముందు వచ్చే ఈదురుగాలులకు వేప, తుమ్మ కొమ్మలు విరిగి పడతాయి. రేకులు సరిగా బిగించని షెడ్డు అంతకన్నా ప్రమాదం. మురికి కాలువ అంచున పెట్టకండి. నీళ్లు పొంగితే కాలువ ఎక్కడో, రోడ్డు ఎక్కడో రాత్రి తెలియదు.

తాళం గురించి

మన సైకిళ్లకు వెనుక చక్రం మీద ఉండే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. సైకిల్‌ను ఎత్తి ఆటోలో వేసుకుంటే ఆ తాళం చేసేదేమీ లేదు. నాది అలాగే పోయింది. దానికి తోడు గొలుసో, యు ఆకారపు గట్టి తాళమో ఉండాలి. దాన్ని ఫ్రేములోంచి, ఒక చక్రంలోంచి పోనిచ్చి, నేలలో పాతిన దేనికైనా కట్టాలి. చక్రానికి ఒక్కదానికే కడితే చక్రం మిగిలి సైకిల్ పోతుంది. చేత్తో తిప్పితే ఊడివచ్చే క్విక్ రిలీజ్ చక్రాలున్న కొత్త రకం సైకిళ్లయితే ముందు చక్రాన్ని కూడా గొలుసులో కలపండి. ప్లాస్టిక్ తొడుగున్న సన్నని వైరు తాళం చూడటానికి బాగుంటుంది. వైర్లు కత్తిరించే కటింగ్ ప్లయర్ ముందు అది నిలవదు.

గొలుసును వదులుగా వేలాడనివ్వవద్దు, నేలకూ తాకనివ్వవద్దు. నేల మీద ఉంటే సుత్తి దెబ్బ కొట్టడం తేలిక, పైగా బురద పడుతుంది. తాళం చెవి రంధ్రం కిందికి చూసేలా తిప్పి పెడితే వాననీళ్లు లోపల నిలవవు. వారానికోసారి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. కొబ్బరినూనె పోసి నేను ఒక తాళాన్ని చంపాను. అది దుమ్ముతో కలిసి బంకలా తయారైంది. రెండో తాళం చెవి ఇంట్లో ఒకరి చేతికి ఇవ్వండి. రెండూ ఒకే రింగులో వేసుకుని తిరిగేవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ని.

డబ్బులు తీసుకునే స్టాండు

స్టాండులో పెట్టగలిగితే అదే మేలు. అయితే పార్కింగ్ అంటేనే మోటారు సైకిళ్లు అన్నట్టు తయారైంది. రుసుము తక్కువ కనుక సైకిల్‌ను మూలకు తోసి, దాని మీదికి నాలుగు బండ్లు ఆనించడం నేను చాలాచోట్ల చూశాను. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే స్టాండు కట్టారు, 2019లో పూర్తయింది. మనం అంత అడగడం లేదు. గొలుసు కట్టుకోవడానికి పైన రేకు కప్పున్న నాలుగు ఇనుప కమ్మీలు చాలు.

స్టాండు మనిషిని మొదటి రోజే అడగవలసింది రాత్రి ఎన్నింటి వరకు ఉంటాడని. చివరి రైలు గంట ఆలస్యమైతే గేటు మూసి వెళ్లిపోతాడా? ఆ రాత్రికి ఎవరిని పిలవాలి? అడిగి నంబరు రాసుకోండి. టోకెన్ కాగితమైతే తీసుకోగానే ఫోన్‌తో ఫోటో తీయండి. వానకు జేబులో నానితే అది ముద్ద అవుతుంది. పేరు రాయించుకుని నెలకోసారి కట్టే పద్ధతి ఉంటే రోజువారీ చీటీల బాధ తప్పుతుంది.

టోకెన్ వెనుక "వస్తువు పోతే మా బాధ్యత లేదు" అని అచ్చు వేయడం ఆచారం. ఆ ఒక్క వాక్యం చూసి నోరు మూసుకోనక్కరలేదు. నమ్మి అప్పగించిన వస్తువును సాధారణ వివేకం ఉన్న మనిషి తన వస్తువును చూసుకున్నట్టే చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. ఒక హోటల్‌లో సిబ్బందికి అప్పగించిన కారు పోయిన కేసులో, తమ నిర్లక్ష్యం ఉంటే ఇలాంటి అచ్చు వాక్యం చూపించి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కారు వేరు, సైకిల్ వేరు అని వాదిస్తారనుకోండి. కానీ వాదన మొదలుపెట్టడానికైనా చేతిలో టోకెన్ ఉండాలి.

కొన్న రసీదు ఎందుకు దాచాలో కూడా ఇక్కడే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొరికినవాడికి అది మొదటి నేరమై, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. ఆ తరగతి కేసుల్లో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కొత్త సైకిళ్లు చాలావరకు ఆ గీత చుట్టూనో దాటో ఉంటాయి. విలువెంత అని అడిగినప్పుడు రసీదు చూపిస్తే మాటకు బలం. స్టేషన్ ఆవరణలో పోతే రైల్వే పోలీసుల దగ్గరికి, బయట రోడ్డు మీద పోతే టౌన్ పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి.

పోయింది మనదేనని నిరూపించడానికి ఫ్రేము నంబరు ఉండాలి. చాలా సైకిళ్లకు పెడల్స్ ఇరుసు ఉండే గొట్టం అడుగున చెక్కి ఉంటుంది. సైకిల్ బోర్లించి, బురద తుడిచి ఫోటో తీసుకోండి. మా సైకిల్ మేస్త్రీ చెప్పిన మరో ఉపాయం: సీటు గొట్టం పైకి లాగి, పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో చుట్టి లోపల వేసి మళ్లీ బిగించడం. రంగు మార్చి అమ్మినవాడికి ఆ చీటీ సంగతి తెలియదు.

తీసేటప్పుడు

రాత్రి తీయగానే ఎక్కి తొక్కేయవద్దు. రెండు చక్రాలూ నొక్కి చూడండి. సరదాకు గాలి తీసే పిల్లలు ప్రతి బస్టాండులోనూ ఉంటారు. వాల్వ్ రబ్బరు ముక్కలు రెండు, చిన్న పంపు ఒకటి సంచిలో ఉంటే ఆ అవస్థ తప్పుతుంది. తడి రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారుతుంది. నాలుగు గజాలు నెమ్మదిగా పోనిచ్చి, రెండుమూడుసార్లు బ్రేకు వేసి రిమ్ము ఆరనివ్వండి. వెనుక ఎర్రటి రిఫ్లెక్టరు మీది బురద తుడవండి. ఊళ్లకు పోయే రోడ్ల మీద లారీవాడికి మనం ఉన్నామని చెప్పేది అదొక్కటే. ఇంటర్ చదివే ఆడపిల్లలు మండల కేంద్రం దాకా సైకిల్ మీద వచ్చి పల్లెవెలుగు ఎక్కుతుంటారు. సాయంత్రం తిరిగి వచ్చే బస్సు ఆలస్యమైన రోజుల్లో వాళ్ల సైకిల్ వెలుతురు ఉన్న కొట్టు ముందు, తెలిసినవాళ్ల కళ్లెదుట ఉండేలా ఇంట్లోవాళ్లే ముందుగా మాట్లాడి పెట్టాలి.

సీటు మీద ప్లాస్టిక్ కవరు తొడిగితే మంచిదే. తీసేటప్పుడు మాత్రం టార్చి వేసి, దూరం నుంచి విదిలించండి. వానాకాలంలో తేళ్లు, జెర్రులు పొడిచోటు వెతుక్కుంటాయి. నా కవరులోంచి ఇప్పటివరకు కప్పలే దూకాయి, రెండుసార్లు.