కారు తీయకుండా ఆఫీసుకు: హైదరాబాద్‌లో నెల రోజుల ప్రయత్నం

కారు అమ్మేయమని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే వినవలసిన పని లేదు. ముందు వారానికి రెండు రోజులు దానిని ఇంటి దగ్గరే వదిలి చూడండి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్ల మేర నడుస్తోంది కనుక, ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లేవారు రైలు మారనక్కరలేదు. దిల్‌సుఖ్‌నగర్ వారు అమీర్‌పేటలో ఒక్కసారి మారితే చాలు.

అయితే చాలామంది విరమించుకునేది రైలు వల్ల కాదు, స్టేషనుకు అటూ ఇటూ మిగిలే కిలోమీటరు వల్ల. అందుచేత మొదటి రోజుకు ముందే, ఆదివారం ఉదయం ఇంటి నుంచి స్టేషను దాకా గడియారం చూసుకుంటూ నడవండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతుందో, దాని మీద బైకులు ఎక్కడ నిలుపుతారో, రోడ్డు ఎక్కడ దాటవచ్చో, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో గమనించండి. పదిహేను నిమిషాలు మించితే షేర్ ఆటోనో సిటీ బస్సో చూసుకోవడం మేలు. ఆఫీసు వైపు దారినీ ఇలాగే పరీక్షించాలి, కాకపోతే అది పనిదినాన, అసలు రద్దీ వేళలోనే చేయాలి.

తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కార్డు మాత్రం వెంట ఉండాలి. నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ చవకే గాని రైళ్లు తక్కువ. వేళలు చూసుకోకుండా దాని మీద ఆధారపడకండి. బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్‌లలో మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉండడం వల్ల ఒకటి తప్పినా రెండోది అందుకోవచ్చు.

సంచిలో గొడుగు, ఆటోకు చిల్లర, ఫోనులో టికెట్ ఉంచుకోండి. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజున, రాత్రి పొద్దుపోయిన రోజున మొహమాటపడకుండా క్యాబ్ పిలవండి, ఆ ఖర్చు కూడా చార్జీల పక్కనే రాసుకోండి.

నెలాఖరున లెక్క చూసేటప్పుడు ఒక్క మాట: ఇంట్లో ఉన్న కారుకు వాయిదా, ఇన్సూరెన్స్ అది కదలకపోయినా పడుతూనే ఉంటాయి, కాబట్టి మిగిలేది పెట్రోలు, పార్కింగ్ డబ్బు మాత్రమే. అసలు పొదుపు రెండో కారు దగ్గర కనిపిస్తుంది. దానికి బుకింగ్ చేయాలనుకుంటే ఈ నెల లెక్క తేలేదాకా ఆగండి.