పాత లారీ సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ కొనేముందు ఇవి చూసుకోండి

మాది పది టైర్ల బండి, 2007 మోడల్, చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకి గ్రానైట్ రాళ్ళు తోలతాం. పోయిన ఎండాకాలం టంగుటూరు టోల్ దాటి టీకి ఆపితే మళ్ళీ సెల్ఫ్ తీసుకోలా, టక్‌మని ఒక్క శబ్దం, అంతే. అంతకు ఆరు నెలల ముందే రెండు బ్యాటరీలూ కొత్తవి వేయించా, అప్పుడు షెడ్డులో బ్యాటరీ పోయింది అన్నారు మార్చేశా, ఒక్కరు కూడా మీటర్ పెట్టి చూడలా నేనూ అడగలా. రెండు బ్యాటరీలంటే ఎంత డబ్బో బండి ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు, అందుకే ఇది వివరంగా రాస్తన్నా.

ముందు ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, మామూలుది చాలు. మన లారీలు 24 వోల్టులు, అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి) ఉంటాయి, మీటర్ డీసీ 20 మీద పెడితే మొత్తం చూపించదు, 200 మీద పెట్టాలి. పని మొదలెట్టేముందు చేతికున్న కడియం, ఉంగరం తీసి పక్కన పెట్టండి, దగ్గర్లో బీడీ సిగరెట్ వద్దు, బ్యాటరీలోంచి వచ్చే గ్యాస్ అంటుకుంటది. టెర్మినల్ ఊడదీయాల్సి వస్తే ఎర్త్ (బాడీకి పోయే మైనస్ వైరు) ముందు తీయాలి, బిగించేటప్పుడు ఎర్త్ చివర్న.

మీటర్ పెట్టకముందే కంటితో చూడండి. మా చీమకుర్తి రాతి దుమ్ము బ్యాటరీ మీద మేట వేస్తది, దానికి యాసిడ్ తడి తగిలితే పైపైనే కరెంట్ కారిపోతా ఉంటది. కొత్తపట్నం, రామాయపట్నం వైపు తిరిగే బండ్లకయితే ఉప్పు గాలికి టెర్మినళ్ళు చిలుము పట్టి పచ్చగా అయిపోతాయి. వంట సోడా కలిపిన నీళ్ళతో తుడిచి (మూతలు గట్టిగా బిగించి, ఆ నీళ్ళు సెల్లులోకి పోకూడదు) లగ్గు (వైరు చివర బ్యాటరీకి బిగించే క్లాంపు) లోపల మెరిసేదాకా గీకి బిగించి పైన గ్రీజు రాయండి. సగం కంప్లైంట్లు ఇక్కడే పోతాయని నా నమ్మకం.

ఇంక రీడింగ్. బండి ఆపి రాత్రంతా ఉంచి పొద్దున్నే తాళం పెట్టకముందు చూడాలి, అప్పుడే ఆపిన బండికి చూస్తే ఉత్తుత్తి ఛార్జింగ్ కనపడతది. ఒక్కో బ్యాటరీ 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. నీళ్ళు పోసే రకం అయితే గ్రావిటీ (ఒక్కో సెల్లులో, అంటే బ్యాటరీ లోపలి గదిలో, యాసిడ్ చిక్కదనం) కూడా చూపించండి, ఒకే బ్యాటరీలో ఐదు సెల్లులు 1240 చూపించి ఒకటి 1150 దగ్గరుంటే ఆ సెల్లు పోయినట్టే, అప్పుడు మార్చక తప్పదు.

తర్వాత ఒకర్ని సెల్ఫ్ కొట్టమని మీరు మీటర్ పట్టుకోండి, మీటర్ కడ్డీలు లగ్గు మీద కాదు, లగ్గు బిగించే బ్యాటరీ పోస్టు మీదే ఆనించాలి. రెండూ కలిపి మొత్తం 25 నుంచి 19 కంటే కిందకి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ లాగతంది. అదే 24 దగ్గరే నిలబడి సెల్ఫ్ మాత్రం టక్‌మని ఊరుకుంటే బ్యాటరీని అనొద్దు, కేబులో ఎర్తో సెల్ఫో చూడాలి. ఎర్త్ తేల్చడం తేలికే, ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ పోస్టుకి ఇంకోటి ఇంజిన్ బాడీకి పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే అర వోల్టు దాటకూడదు, దాటితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినట్టు.

ఛార్జింగ్ చూడాలంటే బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్‌లో ఉంచండి. మొత్తం 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి, హెడ్‌లైట్లు వేసినా 27 దగ్గర నిలబడాలి. 25 దాటకపోతే డైనమో (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) ఛార్జింగ్ ఇవ్వట్లేదు, 29 దాటి పోతంటే వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్ళు మరిగిపోతాయి. ఛార్జింగ్ ఇవ్వట్లేదని డైనమో దించేముందు బెల్టు వదులుందేమో, తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ బల్బు వెలగతందో లేదో చూడండి, చాలా బండ్లల్లో ఆ చిన్న బల్బు ద్వారానే డైనమోకి మొదటి కరెంట్ అందుద్ది, బల్బు మాడిపోతే డైనమో బాగున్నా లేవదు. అది కూడా సరిగ్గా ఉంటే డైనమో లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగినయ్యేమో చూపించండి. డైనమో దగ్గర 28 ఉండి బ్యాటరీ దగ్గర 26.5 ఉంటే మధ్యలో వైరు తప్పు.

ఒక్కటి మాత్రం చేయొద్దు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘బండి ఆగలా, డైనమో బాగుంది’ అని తేల్చే పద్ధతి. దాంతో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి బాగున్న రెగ్యులేటర్, డైనమోలో కరెంట్‌ని ఒక్క వైపే పోనిచ్చే డయోడ్లు కూడా పోతాయి.

రాత్రి నిలబెడితే పొద్దున్నకి దిగిపోతంటే, బండి ఆపిన మూణ్ణాలుగు గంటలకి డైనమో మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంజిన్ చల్లారినాక కూడా అదొక్కటే వెచ్చగా ఉంటే లోపల డయోడ్ పోయి కరెంట్ వెనక్కి కారతంది. లేకపోతే ఎర్త్ విప్పి మీటర్‌ని ఆంప్స్‌లో పెట్టి ఆ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో కలపండి (అప్పుడు తాళం తిప్పొద్దు, మీటర్ మాడిపోద్ది). జీపీఎస్ లాంటివి అన్నీ కలిపి 50 మిల్లీ ఆంపులు అంటే సరే, అదే అర ఆంపు లాగతంటే మూడు రోజులకి 36 ఆంప్ అవర్ పోయినట్టు, ఒక్కో ఫ్యూజు పీకతా పోతే ఎక్కడ తగ్గుద్దో అదే దొంగ లైను.

ఇంక మా బండి సంగతి. టంగుటూరులో ఎలక్ట్రీషియన్ వేరే బండి నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేసి మీటర్ పెడితే కాసేపటికి మొత్తం 28 వచ్చింది, ఛార్జింగ్ బాగుందన్నా అన్నాడు. నాకు అనుమానం తీరక రెండూ విడివిడిగా చూడమన్నా, ఒకటి 15.1, ఇంకోటి 12.9! టేప్ రికార్డర్, ఫోన్ ఛార్జర్, క్యాబిన్ ఫ్యాన్ మూడూ ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీసి పెట్టారు ఎప్పుడో. డైనమోకి తెలిసేది మొత్తమే, అందుకని ఆ ఒక్కటి రోజురోజుకీ డల్ అవుతా, రెండోది నీళ్ళు మరగబెట్టుకుంటా వచ్చినయి. మీ బండిలో ఒక బ్యాటరీకే మాటిమాటికీ డిస్టిల్ వాటర్ పోయాల్సి వస్తంటే ఇదే అనుకోండి.

ఒక్క బ్యాటరీ నుంచి తీసిన ఆ 12 వోల్టుల వైరు తీసేసి 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టించా, రెండు బ్యాటరీలూ దించి విడివిడిగా ఫుల్ ఛార్జింగ్ పెట్టించి మళ్ళీ ఎక్కించా. ఇది మర్చిపోవద్దు, ఒకటి నిండుగా ఒకటి సగంగా ఉంటే సిరీస్‌లో ఎన్నాళ్ళు నడిపినా సరిగ్గా సమానం కావు. ఇప్పుడు బండి స్టార్ట్‌లో ఉంటే రెండూ 14 చిల్లర చూపిస్తన్నయి, నీళ్ళు కూడా రెండిట్లో ఒకేలా తగ్గతన్నయి.